కారులో ఏదో వాసన వస్తోందా? ముందు ఆ వాసనకు పేరు పెట్టండి

"ఏదో కాలిన వాసన వస్తోందన్నా" అంటే మా మెకానిక్ వెంటనే బానెట్ ఎత్తడు. "మాడు వాసనా, కమురు వాసనా? కాగితం కాలినట్టా, రబ్బరు కాలినట్టా? చెప్పండి సార్" అంటాడు. మొదట్లో విసుగొచ్చేది. డబ్బులిచ్చేది నేను, వాసన కనిపెట్టాల్సింది కూడా నేనేనా అనుకునేవాణ్ణి.

ఒక వేసవిలో బ్లోయర్ వేసినప్పుడల్లా సన్నగా బెల్లం పాకం వాసన తగిలేది. ఇంట్లోవాళ్ళు ఏదో స్వీటు డబ్బా ఒలికి ఉంటుందని సీట్ల కింద వెతికారు. ఏమీ దొరకలేదు, ఊరుకున్నాం. మూడు వారాల తర్వాత విజయవాడ నుంచి వస్తుంటే సూర్యాపేట దాటాక టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత మీదికి వెళ్ళి కూర్చుంది. లోపలి హీటర్ దగ్గర కూలెంట్ కారుతోందట. పాకం వాసన అని అప్పుడే చెప్పి ఉంటే చిన్న రిపేరుతో పోయేది. హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు) దాకా వెళ్ళింది.

డ్యాష్‌బోర్డు లైట్లున్నాయి కదా అనకండి. సెన్సరు ఉన్న చోట మాత్రమే లైటు వెలుగుతుంది. సైలెన్సరుకు తగులుతున్న రబ్బరు పైపుకు సెన్సరు ఉండదు. హారన్ కోసం ఎవరో అతికించిన వైరుకూ ఉండదు. అక్కడ పనికొచ్చేది ముక్కే. అయితే ముక్కుతో ఒక చిక్కు ఉంది, అది త్వరగా అలవాటు పడిపోతుంది. చేపల మార్కెట్లో కూర్చున్నవాళ్ళకు నీచు వాసన తెలియనట్టే, పది నిమిషాలు కారులో కూర్చున్నాక మీకూ ఏమీ తెలియదు. కాబట్టి తలుపు తీసిన మొదటి నిమిషాన్ని నమ్మండి. అద్దానికి వేలాడే సెంటు డబ్బాను కూడా వారం రోజులు తీసి పక్కన పెట్టండి.

మొదటి పని: అది మీ కారు వాసనేనా?

సగం సార్లు కాదు. ముందు వెళ్తున్న లారీ బ్రేకులు, పక్క పొలంలో కాలుస్తున్న కొయ్యకాళ్ళు, ఫ్యాక్టరీ గొట్టాలు, ఏదైనా కావచ్చు. పటాన్‌చెరు, పరవాడ వైపు తిరిగేవాళ్ళకు ఈ మాట చెప్పక్కర్లేదు. అద్దాలు ఎత్తి, ఏసీలో బయటి గాలి రాకుండా చేసే బటన్ నొక్కి, ముందు బండిని వెళ్ళనివ్వండి. రెండు కిలోమీటర్లు పోయినా వాసన ఉంటే అది మీదే.

రెండో పని: ఎప్పుడు, ఎక్కడ?

ఫోన్లో రాసుకోండి, తర్వాత గుర్తుండదు. పొద్దున చల్లగా ఉన్న ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడా, అరగంట నడిచాకా? ఎత్తు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? బ్లోయర్ వేస్తేనే వస్తోందా? బండి ఆపి దిగాక ఎక్కువవుతోందా?

ఈ చివరి ప్రశ్న చాలా చెబుతుంది. నడుస్తున్నంతసేపూ గాలి వాసనను వెనక్కి కొట్టేస్తుంది, ఆగగానే పైకి లేస్తుంది. అందుకే ఇంటికొచ్చాక ఇంజన్ ఆపి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేయండి. నాలుగు చక్రాల దగ్గరా వంగి వాసన చూడండి. అరచేతిని చక్రానికి తాకించకుండా కొంచెం దూరంలో పెట్టి వేడి పోల్చండి. తర్వాత బానెట్ దగ్గర, చివరికి డిక్కీ వైపు.

రాత్రి బండి కింద ఒక పాత అట్టపెట్టెను విప్పి పరచండి. పొద్దున దాని మీద మరకే సాక్ష్యం. ఏసీ నుంచి పడే శుభ్రమైన నీళ్ళు మామూలే. ఆకుపచ్చగా, గులాబీ రంగులో జారుగా ఉంటే కూలెంట్. గోధుమ, నలుపు రంగైతే ఇంజన్ ఆయిల్. చక్రం దగ్గర లేత పసుపు చుక్క కనిపిస్తే అది బ్రేక్ ఆయిల్ కావచ్చు, అలాంటప్పుడు బండి తీయకుండా మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

వెంటనే ఆపాల్సినవి: పెట్రోలు, గ్యాస్, వైరు

పెట్రోలు వాసన బంకులో కొట్టించిన రోజే వచ్చిందంటే తప్పు మనదే కావచ్చు. గన్ దానంతట అదే ఆగిపోయాక "రౌండ్ ఫిగర్ చెయ్యి బాబూ" అని ఇంకో ముప్ఫై రూపాయలది పోయిస్తాం. ట్యాంకులో లేచే ఆవిరిని పీల్చుకోవడానికి బొగ్గుతో నింపిన ఒక డబ్బా ఉంటుంది. అది ఆవిరి కోసమే. అంచుదాకా పోస్తే ద్రవమే అందులోకి వెళ్ళి డబ్బా పాడవుతుంది. ఆటో కట్ అయ్యాక ఇక చాలనండి, చిల్లర గురించి పట్టించుకోకండి.

పెట్రోలు కొట్టించకుండానే వాసన వస్తుంటే మాత్రం లీకేజీ. ఎలుక కొరికిన పైపు, బీటలు వారిన రబ్బరు, సరిగా బిగించని క్లిప్పు ఇందుకు మామూలు కారణాలు. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలుకు తగిన రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు 2023 ఏప్రిల్ నుంచి కొత్త కార్లలో వస్తున్నాయి. మీ బండి అంతకన్నా పాతదైతే సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా ఇంధన పైపులు ప్రత్యేకంగా చూడమని చెప్పండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. అపార్ట్‌మెంట్ సెల్లార్లో అది నేల మీదే పరుచుకుని ఉంటుంది. అక్కడ వాసన గుప్పుమంటే సెల్ఫ్ కొట్టకండి, లైటు స్విచ్చి కూడా వేయకండి. వాచ్‌మన్ చేత బీడీ ఆర్పించి, నలుగురు కలిసి బండిని బయటికి నెట్టండి.

సీఎన్‌జీ దానంతట అది వాసన రాదు, లీకు తెలియడానికే ఘాటైన మందు కలుపుతారు. అది తేలిక, పైకి పోతుంది. తలుపులు, డిక్కీ తెరిచి, సిలిండర్ వాల్వు కట్టేసి దూరంగా నిలబడండి. ఎల్పీజీ అయితే బరువు, పెట్రోలు ఆవిరిలాగే కింద పేరుకుంటుంది. సీఎన్‌జీ సిలిండరుకు మూడేళ్ళకోసారి హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) చేయించాలి, ప్లేటు మీద తేదీ ఉంటుంది, ఈరోజే చూడండి.

ఇక వైరు మాడిన వాసన. స్విచ్ బోర్డులో ప్లగ్గు కాలినప్పుడు వచ్చే ప్లాస్టిక్ వాసనే ఇది, ముక్కులో గుచ్చుకుంటుంది. కొన్నప్పుడు ఉన్న వైరింగ్ కంటే, మనం తర్వాత పెట్టించుకున్న లైట్లు, హారన్లు, పెద్ద స్పీకర్లే నాకు మొదటి అనుమానం. రిలే (ఎక్కువ కరెంటును విడిగా పంపే స్విచ్చి) పెట్టకుండా, కారులో ఉన్న వైరునే కోసి అతికించే పనివాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. 10 ఆంపియర్ల ఫ్యూజు పోతే 20ది పెట్టడం, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడం ఇంకా ఘోరం. ఫ్యూజు పోవడం అంటే అది తన పని తాను చేసిందనే.

అప్పుడు వరసగా చేయాల్సినవి:

1. పక్కకు ఆపి ఇంజన్ కట్టేయండి, అందరినీ దింపేయండి. సామాన్లు తర్వాత.
2. పొగ లేకపోతే బానెట్ తెరిచి, 10 నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ఊడదీయండి. చాలా కార్లకు అదే సైజు సరిపోతుంది.
3. బానెట్ సందుల్లోంచి పొగ వస్తుంటే పూర్తిగా ఎత్తకండి. గాలి తగిలితే మంట ఒక్కసారిగా లేస్తుంది. కొంచెం సందు చేసి అగ్నిమాపక పొడి కొట్టండి. ఆరకపోతే వదిలేసి దూరంగా వెళ్ళండి.

ప్లాస్టిక్ వాసనతో పాటు బ్లోయర్ అన్నిటికంటే పెద్ద స్పీడులో మాత్రమే తిరుగుతుంటే, అది బ్లోయర్ రెసిస్టర్ లేదా దాని కనెక్టర్ కరిగిపోవడం. భయపడేంత కాదు, కానీ బాగయ్యేదాకా బ్లోయర్ వాడకండి.

వైరు వాసన అనుకుని హడలిపోయేవాళ్ళలో కొందరికి దొరికేది పాలిథిన్ కవరు. రోడ్డు మీది కవరు ఎగిరొచ్చి సైలెన్సరుకు అంటుకుని కాలుతుంది. చల్లారాక కర్రతో గోకితే పోతుంది. రోడ్డు మీద ఆరేసిన పంట కట్టె సంగతి అలా తీసిపారేయకండి. ఉలవ, కంది, మినుము కట్టెను రోడ్డు మీద పరిచి వచ్చేపోయే బండ్లతో తొక్కించే ఊళ్ళు మనకు ఇంకా ఉన్నాయి. ఆ ఎండుకట్టె కారు కింద చుట్టుకుని, వేడి సైలెన్సరు తగిలి అంటుకుంటుంది. వీలైతే దాన్ని తప్పించుకుని వెళ్ళండి. తప్పకపోతే దాటగానే ఆపి కిందికి వంగి చూడండి. గడ్డి కాలిన వాసన వచ్చేదాకా ఆగొద్దు.

ఘాట్ రోడ్డు వాసనలు రెండు

దోర్నాల నుంచి శ్రీశైలం, విశాఖ నుంచి అరకు, తిరుపతి నుంచి తిరుమల. ఈ దారుల్లో ముక్కుకు తగిలే వాసనలు రెండూ "కాలిన వాసన"లే. ఎక్కేటప్పుడు వస్తే ముందు క్లచ్‌ను అనుమానించండి. దిగేటప్పుడు వస్తే బ్రేకును.

క్లచ్ ప్లేటు మాడితే పాత న్యూస్‌పేపర్ల కట్ట కాలినట్టుంటుంది. మలుపులో ముందు బస్సు ఆగినప్పుడు, సగం క్లచ్ తొక్కి, సగం యాక్సిలరేటర్ ఇచ్చి బండిని వెనక్కి జారకుండా నిలబెడతాం చూడండి, అక్కడ పుడుతుంది ఈ వాసన. హ్యాండ్ బ్రేకు వేసి ఆగండి. కదిలేటప్పుడు క్లచ్ పట్టు దొరికాక బ్రేకు వదలండి. గేర్లు తానే మార్చుకునే రెండు పెడళ్ళ ఏఎంటీ బండి కదా, మనకు క్లచ్ లేదు కదా అనుకోకండి. ఉంది, దాన్ని మీ కాలు బదులు యంత్రం తొక్కుతోంది, అంతే. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో ఆ బండిని నిలబెడితే అదే ప్లేటు అలాగే మాడుతుంది.

వాసన ఒక్కసారి వచ్చిందంటే పావుగంట, ఇరవై నిమిషాలు నిలిపి చల్లారనివ్వండి. తర్వాత కింద ఖాళీ రోడ్డు మీద, నలభై యాభై స్పీడులో పై గేరు వేసి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి చూడండి. ఇంజన్ అరుపు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోవచ్చింది. కొత్త ప్లేటు వేయించిన మొదటి రోజుల్లో కాస్త వాసన వస్తే కంగారు పడకండి.

బ్రేకు వాసన ఇంకా ఘాటు, లోహం, రసాయనం కలిసినట్టుంటుంది. దిగేటప్పుడు ఇది వచ్చిందంటే బండి భారమంతా ప్యాడ్ల మీదే వేశారన్న మాట. ఏ గేరులో ఎక్కాల్సి వచ్చిందో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే లెక్క నేటికీ సరైందే. ఆటోమేటిక్ అయితే లివర్‌ను మాన్యువల్ మోడ్‌లోకి, లేదా 'ఎల్' లోకి మార్చండి. తిరుమల నుంచి కిందికి దిగడానికి కనీస సమయం పెట్టింది ఊరికే కాదు.

ప్యాడ్లు వేడెక్కడంతో ఆగిపోతే పర్వాలేదు. ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కు చేరితేనే ప్రమాదం. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అది గాల్లో తేమను పీల్చుకునే రకం. అలా నీరు పట్టాక 155 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు, పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది. రెండేళ్ళకోసారి బ్రేక్ ఆయిల్ మార్చమనేది ఇందుకే, సర్వీస్ సెంటర్ బిల్లు పెంచడానికి కాదు.

వాసన వస్తే వెడల్పు చోట ఆపి అరగంట కూర్చోండి. ఎర్రగా కాగిన డిస్కుల మీద నీళ్ళు కుమ్మరించకండి, వంకరపోతాయి, పగులుతాయి. బాగా వేడిగా ఉన్నప్పుడు హ్యాండ్ బ్రేకు కూడా బిగించకుండా, గేరులో పెట్టి, చక్రానికి రాయి అడ్డం పెట్టడం మంచిది. బయల్దేరేటప్పుడు ఆ రాయిని రోడ్డు పక్కకు తోసేయండి, వెనక వచ్చే బైకు వాడి గురించి కూడా ఆలోచించాలి కదా.

సమతల రోడ్డు మీద, అదీ ఒక్క చక్రం దగ్గరే ఈ వాసన, వేడి ఉంటే కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పట్టేసింది. లేదా వానాకాలంలో నాలుగు రోజులు హ్యాండ్ బ్రేకు వేసి ఉంచితే వెనక బ్రేకు షూలు అతుక్కున్నాయి. లేదా, సిగ్గుపడాల్సిన పని లేదు, హ్యాండ్ బ్రేకు దించడం మర్చిపోయి నాలుగు కిలోమీటర్లు వచ్చేశారు.

పాకం వాసన

నా జేబుకు చిల్లు పెట్టిన వాసన ఇదే కాబట్టి కొంచెం ఎక్కువే చెబుతాను. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ వల్ల ఈ తీపి. బానెట్ దగ్గర వస్తే రేడియేటర్, పైపులు, క్లిప్పులు చూడాలి. కారు లోపల వస్తే డ్యాష్‌బోర్డు వెనక హీటర్ కోర్. మన ఎండల్లో హీటర్ వాడం కదా, అదెలా పోతుందంటారు. మీరు వాడినా వాడకపోయినా చాలా కార్లలో కూలెంట్ అందులో తిరుగుతూనే ఉంటుంది. దీనికి ఇంకో గుర్తు, ముందు అద్దం లోపలివైపు తుడిచినా పోని జిడ్డు పొర. ముందు సీటు కింద కార్పెట్ తడిస్తే వేళ్ళతో రుద్ది చూడండి. నీళ్ళలా ఉంటే ఏసీ నీరు, జారుగా ఉంటే కూలెంట్. వెంటనే చేతులు కడుక్కోండి, నోట్లో మాత్రం పెట్టుకోకండి. అది విషం. నేల మీద కారినదాన్ని నీళ్ళు పోసి కడిగేయండి, తీపికి కుక్కలు నాకుతాయి, పసిపిల్లలకూ ప్రమాదమే.

బయట చుక్క కనపడకుండా కూలెంట్ తగ్గిపోతూ, సైలెన్సరు నుంచి ఆగకుండా తెల్లటి పొగ, తీపి వాసన వస్తే హెడ్ గాస్కెట్ పోయిందని అనుమానించాలి. ఇక నడపకండి, టోయింగ్ బండి పిలవండి.

వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తిప్పడం అన్న పని ఎవరు చెప్పినా చేయకండి. లోపల ఒత్తిడి ఉన్నందువల్లే ఆ ద్రవం 120 డిగ్రీలకు కూడా మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణంలో అంతా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. మూత చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి. దారిలో బోరు నీళ్ళు పోయడం అత్యవసరానికి సరే, ఇంటికి చేరాక తీయించేయండి, ఉప్పు పేరుకుంటుంది.

మురిగిన కోడిగుడ్డు

పాత సలహాలన్నీ దీనికి సైలెన్సరు దారిలో పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను తిడతాయి. నేను మాత్రం ముందు బ్యాటరీని చూస్తాను. ఇంధనంలో గంధకం ఉంటేనే కన్వర్టర్ నుంచి ఆ వాసన రావాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 కాలుష్య ప్రమాణాల ఇంధనమే. అంతకుముందు బీఎస్-4లో 50 పీపీఎం (పది లక్షల్లో 50 భాగాలు) దాకా ఉన్న గంధకం ఇందులో 10కి పరిమితమైంది. బ్యాటరీలో మాత్రం గంధకామ్లం అలాగే ఉంది. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లోని రెగ్యులేటర్ చెడి అతిగా ఛార్జ్ అయితే బ్యాటరీ ఉడికి, ఆ కంపు కొడుతుంది.

ఇంజన్ నడుస్తుండగా మల్టీమీటర్ పెడితే చాలా కార్లలో 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టే. బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉంటే, ముట్టుకోలేనంత వేడిగా ఉంటే మీటరు కూడా పెట్టకండి, జంప్ స్టార్ట్ అసలే వద్దు. దాని చుట్టూ హైడ్రోజన్ ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంజన్ ఆపి చల్లారనివ్వండి. బ్యాటరీ బాగానే ఉండి, ఇంజన్ కొట్టుకుంటూ నడుస్తుంటే అప్పుడు కన్వర్టర్ దాకా వెళ్ళండి. ప్లగ్గులు సరిగా వెలగక కాలని పెట్రోలు అందులోకి పోయి దాన్ని వేడెక్కిస్తోందేమో చూపించండి.

కమురు, వెల్లుల్లి, డీజిల్ వేడి

కమురు వాసన, అంటే మూకుట్లో నూనె మాడిన వాసన, ఇంజన్ ఆయిల్‌ది. ట్యాపెట్ కవర్ గాస్కెట్ (ఇంజన్ పై మూత సీలు) నుంచి చుక్క చుక్కగా వేడి మ్యానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికి పోయే గొట్టం) మీద పడుతుంటుంది. సర్వీసు చేయించిన రోజు వస్తే ఒలికిన ఆయిల్, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. పోకపోతే డిప్‌స్టిక్ చూసి, గాస్కెట్ మార్పించండి. నీలం పొగ కూడా ఉంటే ఆయిల్ ఇంజన్ లోపలే కాలుతోంది.

వెల్లుల్లి కుళ్ళినట్టుంటే గేరు ఆయిల్. అందులో గంధకం మందులు కలుపుతారు కాబట్టి ఆ వాసన. వెనక చక్రాలతో నడిచే బండ్లలో వెనక యాక్సిల్ దగ్గర తడి వెతకండి.

బీఎస్-6 డీజిల్ కారు అప్పుడప్పుడు ఆపినా ఫ్యాను తిరుగుతూ, ఇనుము కాగిన వాసన కొడుతుంది. సైలెన్సరు దారిలోని ఫిల్టరు పేరుకున్న మసిని తనంతట తానే కాల్చేసుకుంటోంది. జబ్బు కాదు. ఎండుగడ్డి మీద మాత్రం పార్క్ చేయకండి.

ముక్కిన వాసన, చచ్చిన ఎలుక

ఏసీ వేసిన మొదటి నిమిషంలో తడిబట్ట ముక్కిన వాసన వస్తే లోపలి కాయిల్ మీద బూజు పట్టింది. కాకినాడ, విశాఖల్లాంటి ఉక్కపోత ఊళ్ళలో ఇది ఇంటింటి గోల. గమ్యం ఇంకో ఐదు నిమిషాలుందనగా ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం ఉంచండి, కాయిల్ ఆరుతుంది. గ్లోవ్ బాక్సు వెనకుండే ఏసీ ఫిల్టర్ ఏడాదికోసారి మార్చండి, పది నిమిషాల పని. ఏసీ నడిచినా కారు కింద నీళ్ళు పడకుండా ముందు సీటు చాప తడుస్తుంటే డ్రెయిన్ పైపు మూసుకుపోయింది.

ఎలుక చస్తే చెప్పక్కర్లేదు, కంపు మీకే తెలుస్తుంది. వైపర్ల కింద గాలి వెళ్ళే జాలీ, ఫిల్టర్ పెట్టె, బ్లోయర్ లోపల, ఈ మూడు చోట్లా ముందు వెతికించండి. చేతికి తొడుగులు, మూతికి గుడ్డ ఉండాలి. పొగాకు కాడలు బానెట్‌లో కట్టడం నేనూ చేశాను. ఘాటున్నంత కాలం పనిచేసింది, ఎండిపోయాక వాటి పక్కనే గూడు పెట్టాయి. కారులో బిస్కెట్ ముక్కలు లేకుండా చూసుకోవడం, రెండు రోజులకోసారైనా బండి కదపడం ఎక్కువ పనిచేసింది.

ముక్కుకు అందనిది

కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. కారు లోపల సైలెన్సరు పొగ వాసన తగిలిందంటే దానితో పాటు ఇదీ వస్తోందని లెక్క. అద్దాలన్నీ దించి నడిపి, అదే రోజు సైలెన్సరు అతుకులు, డిక్కీ రబ్బరు చూపించండి. తలనొప్పి, వికారం మొదలైతే ఆపి దిగిపోండి. మూసిన గ్యారేజీలో, సెల్లార్లో ఇంజన్ నడుపుతూ ఏసీ వేసుకుని నిద్రపోవద్దు. ఆ నిద్రలోంచి లేపే వాసన ఏదీ రాదు.

మెకానిక్‌కు ఏం చెప్పాలి

"వాసన వస్తోంది" అని వదిలేయకుండా ఇలా మెసేజ్ పెట్టండి: "పాకం వాసన. బ్లోయర్ వేసిన రెండు నిమిషాలకు వస్తోంది, బయట లేదు. ఎడమవైపు చాప జారుగా ఉంది. పది రోజుల్లో కూలెంట్ వేలెడు తగ్గింది." మా మెకానిక్‌కు మొన్న వేరే వాసన గురించి ఇలాగే పంపాను. బండి తీసుకెళ్ళేసరికి కావాల్సిన గాస్కెట్ తెప్పించి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.